కుడితి వాసన

నాన్న ఫ్లోరిడా వచ్చి మూడు రోజులైందో లేదో, నేను పనిచేసే చోటు చూస్తానని పట్టుబట్టాడు. చూపించడానికి అక్కడేముంది? ఒక ట్రైలరు, దాంట్లో గరగరమనే ఏసీ, కాఫీ మరకల టేబులు. అయినా శనివారం పొద్దున్నే తీసుకెళ్ళాను. గేటు దాటి, లారీలు తూచే కాటా పక్కనుంచి పోతుంటే ఎడమవైపు పచ్చటి గడ్డితో ఉన్న గుట్టను చూసి కారు ఆపమన్నాడు.

"ఈడ అంతా సాపు నేల అన్నవ్ గదా బిడ్డా. మరి గీ గుట్ట యాడికెల్లి వచ్చింది?"

"అది గుట్ట కాదు నాన్నా. చెత్త."

కాసేపు మాట్లాడలేదు. మా ఊరు జనగామ దగ్గర. చుట్టూ బండరాళ్ళ గుట్టలే. గుట్ట అంటే ఏంటో తెలిసిన మనిషికి ఇది కొంచెం అవమానంగానే అనిపించి ఉంటుంది. "నీ బిడ్డ అమెరికాలో ఏం చేస్తది" అని ఊళ్ళో ఎవరైనా అడిగితే "ఇంజినీరు" అని ఊరుకుంటాడు. చెత్త సంగతి ఎత్తడు. ఆ చెత్త అడుగున కారే నీళ్ళ సంగతి అసలే ఎత్తడు. నా ఉద్యోగం ఆ నీళ్ళతోనే.

ఫిల్టరులో కాఫీపొడి వేసి వేడినీళ్ళు పోస్తే కింద డికాక్షన్ దిగుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. చెత్త మీద వాన పడుతుంది. చెత్తలో ఉన్న తడి దానికి తోడవుతుంది. అట్టడుగుకు చేరేసరికి కుళ్ళినవన్నీ కరిగించుకుని నల్లటి కషాయమవుతుంది. దాన్ని లీచేట్ అంటాం. దాన్ని పంపుతో పైకి తోడి, ట్యాంకులో పట్టి, అందులో కొంత టౌను మురుగుశుద్ధి ప్లాంటుకు ట్యాంకర్లలో పంపుతాం. మిగతాది మళ్ళీ అదే చెత్తలోకి ఎక్కిస్తాం. ఆ ఎక్కించడాన్నే రీసర్క్యులేషన్ అంటారు. తొమ్మిదేళ్ళుగా నా పొద్దూ మాపూ దానికే పోతున్నాయి.

పంపు దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త సెల్లు శాంపిల్ కుళాయి తిప్పాను. సెల్లు అంటే అడుగున నీళ్ళు నేలలోకి ఇంకకుండా లైనర్ పరిచి విడివిడిగా కట్టిన ఒక్కో గుంత. నల్లగా, పైన గోధుమరంగు నురగతో గాజుసీసా నిండింది. నాన్న ముక్కు మూసుకుంటాడేమో అనుకున్నాను. ఆయన సీసా మీదికి వంగి వాసన చూసి, "కుడితి" అన్నాడు.

నిజంగానే కుడితే. మూడు రోజుల కడుగు నీళ్ళు, గంజి, తవుడు కలిసి తొట్టిలో పులిసిన కుడితి. తొమ్మిదేళ్ళలో నాకు తట్టని మాట. మేం రిపోర్టుల్లో 'వోలటైల్ ఫ్యాటీ యాసిడ్స్' అని రాస్తాం. తర్వాత పాత సెల్లు దగ్గరికి వెళ్ళి అక్కడి కుళాయి తిప్పాను. ఆయన ఈసారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కళ్ళు మండాయి. "ఇది పసుల కొట్టం. మూత్రం ఇంకిన మన్ను."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ రెండు వాసనల మధ్యే ల్యాండ్‌ఫిల్, అంటే ఈ చెత్త గుట్ట, జీవితమంతా ఉంది. కొత్త చెత్తలో బ్యాక్టీరియా అన్నం మెతుకుల్ని, కూరగాయల తొక్కుల్ని ఆమ్లాలుగా మారుస్తుంది. అందుకే లీచేట్ పుల్లగా ఉంటుంది, పీహెచ్ ఐదుకో ఆరుకో పడిపోతుంది, కుళ్ళే పదార్థం లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. తర్వాత మరో రకం సూక్ష్మజీవులు చేరి ఆ ఆమ్లాల్ని తిని మీథేన్ గ్యాసు విడుస్తాయి. పులుపు విరుగుతుంది, పీహెచ్ ఏడు దాటుతుంది. కానీ అమోనియా మాత్రం పోదు. గాలి ఆడని చోట దాన్ని తినేవాళ్ళు లేరు. కొట్టం వాసన అందుకే. ఎన్నిసార్లు తిప్పి పోసినా అది అలాగే ఉంటుంది, తిప్పేకొద్దీ పేరుకుంటుంది.

పంపు హౌసు నుంచి పైకి పోయే నల్ల పైపును చూపించి ఇదెక్కడికి అని అడిగాడు. మళ్ళీ గుట్టలోకే అని చెప్పాను.

"గదాంట్లకే? బావిల నీళ్లు తోడి బావిలనే పోసినట్టు లేదా బిడ్డా?"

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం. అప్పుడు నేను విన్న జవాబులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, నాన్నకు ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి మా పాత ఇంటి వెనకాల గోబర్ గ్యాస్ గుర్తొచ్చింది. పేడ ఎండిపోతే గ్యాసు రాదు, నీళ్ళు కలపాలి. కొత్త ప్లాంటు మొదలెట్టేటప్పుడు పక్కవాళ్ళ ప్లాంటు నుంచి రెండు బకెట్ల స్లర్రీ తెచ్చి పోసింది కూడా ఆయనే. "గదే నాన్నా. నీళ్ళు పోస్తున్నాం, తోడు పెడుతున్నాం" అన్నాను. పాలకు తోడు లాగా. చెత్తలో ఒక మూల తడి ఉంటుంది, ఇంకో మూల ఎండు అట్టపెట్టెలుంటాయి. లీచేట్ తిప్పి పోస్తే తడి అందరికీ అందుతుంది, దాంతోపాటు ఆ మీథేన్ పురుగులూ అందుతాయి. ముప్పై నలభై ఏళ్ళు నెమ్మదిగా కుళ్ళాల్సింది తొందరగా కుళ్ళుతుంది, కుంగుతుంది, కుంగినచోట ఇంకొంత చెత్తకు జాగా దొరుకుతుంది. గ్యాసు కూడా తొందరగానే వస్తుంది కాబట్టి దాన్ని పట్టే బావులు, పైపులు ముందే ఉండాలి. లేకపోతే ఆ మీథేన్ అంతా ఆకాశంలోకే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1970ల మొదట్లోనే జార్జియా టెక్‌లో ఫ్రెడరిక్ పోలాండ్ నిలువు గొట్టాల్లో చెత్త నింపి, కొన్నింటిలో కారిన లీచేట్‌ను తిరిగి పైనుంచి పోసి చూశాడు. తిప్పి పోసిన గొట్టాల్లో చెత్త ముందుగా కుదుటపడింది. పులుపు విరగ్గొట్టి, మురుగుశుద్ధి బురదను తోడుగా కలిపినదాంట్లో ఇంకా ముందుగా. నేను క్లాసులో చదివిన మొదటి ప్రయోగం అదే. తర్వాత డెలావేర్, ఫ్లోరిడాల్లో పెద్ద ఎత్తున చేశారు. మా రాష్ట్రంలోనే అలాచువా కౌంటీ పాత ల్యాండ్‌ఫిల్‌లో మొదట పైన చెరువుల్లాంటి గుంతలు కట్టి నింపారు, తర్వాత చెత్తలోపల అడ్డ కాలువలు తవ్వి పైపులు వేశారు. మా దగ్గరా ఆ పద్ధతే. చెత్త పొర పోసినప్పుడే అడ్డంగా కందకం తవ్వి, దాంట్లో చిల్లుల పైపు పెట్టి చుట్టూ కంకర పోస్తాం. దాని మీద మళ్ళీ చెత్త వస్తుంది. ట్యాంకర్‌తో పైపైన చల్లడం తేలికే, కానీ గాలి వీచినప్పుడు కింద కాలనీవాళ్ళు ఫోన్లు చేస్తారు. వాళ్ళ తప్పేం లేదు.

అమెరికా చట్టం దీనికి ఒక షరతు పెట్టింది. 1991లో వచ్చిన నిబంధనల ప్రకారం, అడుగున కాంపోజిట్ లైనర్, కారింది పట్టే ఏర్పాటు ఉన్న సెల్లులోనే లీచేట్ తిప్పి పోయాలి. కాంపోజిట్ అంటే రెండడుగుల గట్టి బంకమట్టి, దాని మీద అతుక్కుని ఒకటిన్నర మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు. ఆ షీటు మీద లీచేట్ 30 సెంటీమీటర్ల కంటే ఎక్కువ నిలబడకూడదు. నాకు రాత్రి నిద్రలో కూడా గుర్తుండే అంకె ఏదైనా ఉందంటే ఇదే. ఎక్కడో వెల్డింగు దగ్గర సన్న చిల్లు ఉండకమానదు. పైన ఎంత నీళ్ళు నిలిస్తే ఆ చిల్లులోంచి అంత ఒత్తిడితో కిందికి దిగుతాయి.

ఇక నేను చేసిన ఘనకార్యం.

ఉద్యోగంలో రెండో ఏడాది, ఆగస్టు. ఇక్కడ వానాకాలం మధ్యాహ్నం రెండు దాటితే రోజూ ఉరుములే. ఎకరం నేల మీద ఒక్క అంగుళం వాన పడిందంటే లక్ష లీటర్లకు పైమాట. అందులో కొంత పైనుంచే జారిపోతుంది, కొంత ఎండకు పోతుంది, కానీ మూత పడని సెల్లు మీద పడ్డదాంట్లో చాలా భాగం నా పంపుకే వస్తుంది. ఆ శుక్రవారం సాయంత్రం ట్యాంకు అలారం గీతకు రెండడుగుల దూరంలో ఉంది. మా ట్యాంకర్లు తీసుకునే ప్లాంటువాళ్ళు మంగళవారం దాకా కుదరదన్నారు. పైగా తుపాను కబురు. నాకు టెన్షన్.

లీచేట్ ఎక్కించే పైపుల్లో నాలుగో నంబరు లైను గుట్ట వాలుకు దగ్గరగా ఉంటుంది. దానికి రోజుకు ఇంత అని లెక్క ఉంది. ఆ లెక్క వేసిందీ నేనే. దాన్ని రెండింతలు చేసి, శని ఆదివారాలు నడవనీ అని వాల్వు వదిలేసి ఇంటికెళ్ళాను. ట్యాంకు దిగింది. ఆదివారం రాత్రి ఫోన్‌లో లెవెల్ చూసుకుని హాయిగా పడుకున్నాను కూడా.

సోమవారం ఆరున్నరకు గుట్ట చుట్టూ బండిలో తిరుగుతున్నాను. వాలు మీద సగం ఎత్తులో గడ్డి పసుపు రంగుకు తిరిగి ఉంది. దగ్గరికి పోతే మంచం దుప్పటంత మేర నేల చెమ్మగా, నల్లగా మెరుస్తోంది. అందులోంచి బుడగలు. గుంతపొంగణాల పిండి పులిసి పొంగినప్పుడు చూడండి, ఒక్కో బుడగ లేచి, ఆగి, చిట్లుతుంది. అచ్చం అలా. కింద గ్యాసు, పైన నీళ్ళు. ఆ మడుగులోంచి వేలు మందాన ధార ఒకటి గడ్డిలో దారి చేసుకుని వాననీటి కాలువ వైపు దిగుతోంది. కాలువకు ఇంకా ఇరవై అడుగులుంది. పక్కన తెల్లకొంగ ఒకటి నిలబడి దాన్నే చూస్తోంది.

వాల్వు కట్టేశాను. లోడరుతో మట్టి తెప్పించి ధారకు అడ్డంగా కట్ట వేయించాం. సక్షన్ ట్యాంకరు వచ్చి మడుగును పీల్చేసింది. మధ్యాహ్నానికి ఎక్స్‌కవేటరుతో తవ్వితే అసలు సంగతి బయటపడింది. రోజూ సాయంత్రం చెత్త మీద ఆరంగుళాల మట్టి కప్పుతాం, వాసనకీ పక్షులకీ. చాలా ఏళ్ళ కిందట ఎవరో ఆ చోట బంకమట్టి కప్పారు. అది లోపల పళ్ళెంలా పరుచుకుని ఉంది. నేను పోసిన లీచేట్ కిందికి దిగకుండా ఆ పళ్ళెం మీద నిలబడి, పళ్ళెం అంచు ఎటుంటే అటు పొర్లింది. అంచు వాలు వైపుంది. పళ్ళేన్ని పగలగొట్టి, కింది చెత్తదాకా కంకర నింపి, బయట మళ్ళీ మట్టి దిమ్మిస కొట్టించాం. రాష్ట్ర పర్యావరణ శాఖకు రిపోర్టు నేనే రాశాను.

మా సూపర్‌వైజరు పెద్దాయన, బుల్డోజరు డ్రైవరుగా మొదలై పైకొచ్చినవాడు. తిట్టలేదు. లాగ్ బుక్కులో శుక్రవారం పేజీ తెరిచి నా ముందు పెట్టి ఒక్కటే అడిగాడు: "ఆ రోజు నువ్వు వాల్వు తిప్పింది చెత్త ఎండిపోయిందనా, ట్యాంకు నిండిందనా?"

నా దగ్గర జవాబు లేదు. ట్యాంకు నిండింది కాబట్టే తిప్పాను. చెత్తను ఇంకో ట్యాంకులా వాడుకున్నాను. నా పేచీ అంతా ఇక్కడే. తిప్పి పోయడం వైద్యం. దాన్ని పారబోయడం కింద వాడితే పోసిన నీళ్ళు ఎక్కడికీ పోవు, అప్పుగా లోపల కూర్చుంటాయి. ఇప్పుడు మా దగ్గర వాల్వు తిప్పేముందు చూసేది మూడే: ఆ లైను చుట్టుపక్కల గ్యాసు బావుల్లో నీళ్ళెంత ఎక్కాయి, లైనర్ మీద ఎంత నిలబడింది, వచ్చే మూడు రోజులు వానుందా. ట్యాంకు లెవెల్ ఆ కాగితం మీద లేనే లేదు, కావాలనే తీసేశాం. ట్యాంకు నిండితే ట్యాంకర్లకు డబ్బు కట్టాలి. అంతే.

నా తప్పు దుప్పటంత మడుగుతో పోయింది. 1997 సెప్టెంబరు 27న కొలంబియా రాజధాని బొగోటా దగ్గర దోన్యా హువానా ల్యాండ్‌ఫిల్‌లో అంతటితో పోలేదు. దాదాపు 8 లక్షల ఘనపు మీటర్ల చెత్త కదిలి జారిపోయి, కింద ఉన్న తున్హువేలో నదికి అడ్డం పడింది. విచారణ చేసిన ఇంజినీర్లు వేలు చూపించింది లోపలికి ఎక్కించిన లీచేట్ పెంచిన ఒత్తిడి వైపే. తడిసిన చెత్త బరువెక్కుతుంది, పొరల మధ్య నీళ్ళ ఒత్తిడి పెరిగితే పట్టు జారుతుంది. వానాకాలంలో మన ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడేదీ ఇలాగే. ఆ ఫోటోలు నా సోమవారం ఉదంతం తర్వాతే మొదటిసారి చూశాను. కొత్తగా చేరినవాళ్ళకు ఇప్పుడు మొదటి రోజే చూపిస్తున్నాను.

హైదరాబాద్‌లో మునిసిపల్ కాంట్రాక్టు పనులు చేసే నా క్లాస్‌మేట్ ఒకడు ఏటా ఏప్రిల్‌లో వాట్సాప్ చేస్తాడు: "ఒసేయ్, ఇక్కడ ఎండలు మండిపోతున్నయి, గుట్ట మీద స్ప్రింక్లర్లు పెట్టి లీచేట్ కొట్టేస్తే ఖర్చు లేకుండా అయిపోదా?" ఎండలో కొంత ఆవిరవుతుంది, నిజమే. ఆవిరైంది నీళ్ళే. ఉప్పులు, అమోనియాలో కొంత, లోహాలు గుట్టలోనే ఉంటాయి. జూన్ రాగానే మొదటి పెద్ద వానకు అవన్నీ కలిసి దిగుతాయి. వాడికి నచ్చదు. "నువ్వు మరీ చేస్తవ్" అంటాడు.

అసలు తేడా చెత్తలోనే ఉంది. ఇక్కడ గేటులోకి వచ్చే చెత్తలో నీళ్ళు నాలుగో వంతుకు అటూ ఇటూ. అట్టపెట్టెలు, సోఫాలు, ప్లాస్టిక్. దానికి నిజంగానే దాహం. మన చెత్తలో అన్నం, కూరలు, అరటి తొక్కలు, కొబ్బరి బోండాలు, పూలదండలు. సగం దాకా నీళ్ళే. లారీ మలుపు తిరిగితేనే రోడ్డు మీద కారుతుంది. అలాంటిదానికి ఇంకా నీళ్ళు పట్టించడమేంటి? ఇక అడుగున లైనరే లేని పాత డంప్ యార్డుల్లో అయితే తిప్పి పోయడమన్న మాటకే అర్థం లేదు. పోసింది నేలలోకి పోతుంది, నేలలోంచి బోర్లలోకి. హైదరాబాద్ డంప్ యార్డు జవహర్‌నగర్ పక్కన మల్కారం చెరువు నల్లబడింది చెత్తలోంచి దిగిన నీళ్ళతోనే. అక్కడ తర్వాత గుట్టకు మూత వేశారు, 2023 ఏప్రిల్‌లో రోజుకు 20 లక్షల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు మొదలైంది. లైనర్ లేని పాత గుట్టకు సరైన వరస అదే అని నా లెక్క: పైన మూత, కింద కారేది పట్టుకుని శుద్ధి. తడి చెత్త ఇంటి దగ్గరే వేరుపడితే అసలు కారేదే తగ్గుతుంది. లైనర్ వేసిన కొత్త సెల్లుల్లో తిప్పి పోయొచ్చు, కానీ కొలిచి, ఎండాకాలంలో, వాలుకు దూరంగా.

శుద్ధి ప్లాంటుతో కూడా అంతా తీరిపోదు. ఆర్వోలో పెడితే ఒక వైపు తేటనీళ్ళు, ఇంకో వైపు చిక్కటి రిజెక్టు. ఇంట్లో ఆర్వో ఉన్నవాళ్ళకు ఆ పక్క పైపు సంగతి తెలుసు. చాలాచోట్ల ఆ రిజెక్టును తెచ్చి మళ్ళీ ల్యాండ్‌ఫిల్‌లోనే పోస్తారు. ఏడాదికేడాది ఉప్పు పెరుగుతూ పోతుంది. ఈ మధ్య పీఎఫ్ఏఎస్ రసాయనాలు, అదే, నాన్‌స్టిక్ పెనాలు, వానకోట్ల పూతల్లోంచి వచ్చేవి, లీచేట్‌లో ఉంటున్నాయని ఇక్కడి మురుగు ప్లాంట్లు మా ట్యాంకర్లను చూసి మొహం చిట్లిస్తున్నాయి. తిప్పి పోస్తే అవి విరగవు. బావిలో నీళ్ళు బావిలోనే అన్న నాన్న మాట ఈ ఒక్క విషయంలో అక్షరాలా నిజం.

నాన్న ఊరెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఆదివారం ఫోన్ చేస్తే ముందు వానల సంగతి, తర్వాత అమ్మ మోకాళ్ళు, ఆ తర్వాత మా కొత్త సెల్లు. "కుడితా, కొట్టమా?" అని అడుగుతాడు.

"ఇంకా కుడితే నాన్నా."

పోయిన నెల ఇదే మాట చెబితే కాసేపు ఆలోచించి, "మరి తోడు చాలలేదేమో. ఆ ముసలి దాంట్ల నీళ్లు తెచ్చి దీంట్ల పోయరాదు?" అన్నాడు. పాత సెల్లు లీచేట్‌ను కొత్త సెల్లుకు ఎక్కించడం పుస్తకాల్లో ఉన్నదే. కానీ మా రెండు సెల్లుల పైపులు వేరు వేరు, కలపాలంటే రెండు వందల అడుగుల లైను, ఒక వాల్వు, పర్మిట్‌లో చిన్న మార్పు కావాలి. సూపర్‌వైజరుకు చెప్పాను. ఎవరి ఐడియా అని అడిగాడు. మా నాన్నది అన్నాను. పర్మిట్ కాగితం పోయినవారం వచ్చింది. సోమవారం నుంచి రెండో లైనులో రోజుకు పదిహేను వేల లీటర్లతో మొదలుపెట్టాం. మొదటి శాంపిల్ నిన్న తీశాను, పీహెచ్ 5.9. సీసా మూత తీసి నేనే వాసన చూశాను. కుడితే.